ఆటలలో చీలమండ బెణకుట: కారణములు, నివారణ

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి మాసములలో అచట తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడుకంటె తక్కువకు దిగుట కలదు. మంచు ఇంకను విడువని వేళ ఆశ్రమ పాఠశాలల బాలబాలికలు కబడ్డీకో, వాలీబాలునకో ఆటస్థలమునకు వత్తురు. నేల తడిసియుండును, గులకరాళ్లు పాదముక్రింద చక్రములవలె దొర్లును. బంతికై ఎగిరిన బాలుడు దిగునపుడు పాదము లోపలికి మడతపడును, చీలమండ బెణకును. పాదము వెలుపలికి గాక లోపలికే ఏల మడతపడును?

చీలమండ కీలునందు పాదపు ఎముక ఒకటి, కాలి ఎముకలు రెంటి నడుమ ఇమిడియుండును. ఈ ఎముకలను నారవంటి గట్టి పట్టీలు బంధించియుంచును. వీనినే లిగమెంట్లు అందురు. లోపలివైపు పట్టీ వెడల్పుగను, బలముగను ఉండును. వెలుపలివైపున నున్నవి మూడు సన్నని పట్టీలు. అదియుగాక, వెలుపలి ఎముక కొంత దిగువకు వచ్చి, పాదము వెలుపలికి తిరుగకుండ అడ్డగించును. కనుక పాదము లోపలికే సులభముగా మడుగును. వెలుపలి పట్టీలు సాగును, లేదా తెగును.

చలిలో కండరములు మెల్లగా ముడుచుకొనును. నరముల సందేశములును ఆలస్యముగా సాగును. పాదము జారిన క్షణమున కండరము వెంటనే బిగియకున్న, భారమంతయు లిగమెంటుపై పడును. అందువలన ఆటకు ముందు 10 నిమిషములు దేహమును వేడిచేసికొనవలెను. మొదట నడక, తరువాత మెల్లని పరుగు చాలును. థింసా అడుగులు మెల్లగా మొదలిడి క్రమముగా వేగము పెంచినను మేలే. పిదప ఒక్కొక్క కాలిపై 30 సెకనులు నిలుచుట అభ్యసింపవలెను. ఒకసారి బెణికిన చీలమండ మరల బెణకుట సాధారణము. ఈ అభ్యాసము దానిని తగ్గించును.

1965లో అమెరికాలో పుట్టి నేడు మన నగరములకును వచ్చిన పికిల్‌బాల్ ఆటస్థలము, బాడ్మింటన్ జంటల ఆటకు వలెనే, 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గలది. స్థలము చిన్నది గదా యని ఏమరుపాటు తగదు. తలమీదుగా పోవు బంతికై వెనుకకు అడుగులు వేయువారు వెల్లకిల పడుదురు. చేయి ఆనించినచో మణికట్టు విఱుగవచ్చును. ప్రక్కకు తిరిగి పరుగెత్తవలెను. ఈ నియమము వాలీబాలునకును వర్తించును.

బెణికినచో ఏమి చేయవలెను? ఆట మాన్పించి, కాలిని ఎత్తుగా ఉంచవలెను. మంచుగడ్డ దొరకనిచో చన్నీట తడిపిన గుడ్డను 15, 20 నిమిషములు వేయవచ్చును. గుడ్డకట్టు మెత్తగా ఉండవలెను. వెంటనే మర్దన చేయరాదు, లాగరాదు, వాపు హెచ్చును.

ఎముక విఱిగినదేమో యను సందేహమునకు కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో సులభమైన పరీక్షను ప్రకటించిరి. గాయపడినవాడు నాలుగడుగులు వేయలేకున్నను, చీలమండకు ఇరువైపుల నున్న ఎముకల వెనుక అంచును నొక్కినప్పుడు నొప్పి కలిగినను, ఎక్స్‌రే తీయింపవలెను.

కొండలలో ఈ పరీక్షకు విలువ హెచ్చు. దారి లేని గూడెముల నుండి రోగిని డోలీలో మోయవలసి వచ్చును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట అది మరింత కష్టము. కనుక ప్రయాణపు నిర్ణయము ముందుగనే చేయవలెను. విఱిగిన కాలికి వెదురుబద్దలు బిగించి కట్టుట ప్రమాదకరము. లోపల వాపు పెరుగుకొలది రక్తప్రసారము ఆగును; కాలు కుళ్లి, తీసివేయవలసిన గతియు పట్టవచ్చును. వ్రేళ్లు నీలమైనను, చల్లబడినను, తిమ్మిరెక్కినను కట్టును వెంటనే వదులు చేయవలెను.

ఉపాధ్యాయులు ప్రతి ఉదయము ఆటకు ముందు విద్యార్థులను వరుసగా నడిపించి రాళ్లను ఏరింపవచ్చును. నేలయు శుభ్రమగును, దేహములును వేడెక్కును.