అమెరికా నుంచి సంగం రావడానికి ఎన్ని గంటలు? ఫ్లైట్ టైమ్ వెనకున్న అసలు లెక్క

రెండేళ్ల క్రితం సంగంలో మా తాతయ్య పోయారు. పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. "అబ్బయ్యా, వాడు ఎన్ని గంటల్లో వస్తాడు?" అని నాయనమ్మ నన్నే అడిగింది. బీటెక్ చదివినోడిని కదా! దూరం 14 వేల కిలోమీటర్లు, స్పీడ్ గంటకి 900, భాగించేసి "16 గంటలు" అన్నాను. పెద్దవాళ్లు దాన్ని బట్టే మర్నాడు సాయంత్రం దహనం పెట్టుకున్నారు. అన్న ఇల్లు చేరింది 38 గంటలకి. చివరిచూపు దక్కలేదు.

మరి నేనెక్కడ తప్పాను?

మొదటిది, ఆ 14 వేలు గ్లోబ్ మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. విమానం అచ్చం అలాగే పోదు. 2021 జనవరి 9న ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, ఉత్తర ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా బెంగళూరు వచ్చింది. అందరూ మహిళా పైలట్లే, కెప్టెన్ జోయా అగర్వాల్. నేరుగా చూస్తే దూరం 13,993 కిలోమీటర్లు. అయినా గాల్లో సుమారు 17 గంటలు పట్టింది.

రెండోది గాలి. పైన జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంటుంది. పెన్నలో ఈత లాంటిదే, వాలుకి తేలిక, ఎదురీత కష్టం. అందుకే రాకకీ పోకకీ టైమ్ తేడా.

మూడోది ఆకాశంలో దారులు. 2022లో యుద్ధం మొదలయ్యాక అమెరికా కంపెనీల విమానాలు రష్యా మీదుగా వెళ్లడానికి లేదు, చుట్టు తిరగాలి.

నాలుగోది, నేను అసలు లెక్కేయనిది: నేల మీద టైమ్. అన్న వచ్చింది దుబాయ్ మీదుగా చెన్నైకి. ఫోన్ అందాక ఫ్లైట్ బయల్దేరేదాకా 8 గంటలు. దుబాయ్‌కి 16. అక్కడ ఎదురుచూపు 4. చెన్నైకి 4. ఇమిగ్రేషన్, లగేజీ 1. నెల్లూరు మీదుగా సంగానికి కారులో 5. మొత్తం 38.

ఇంకొకటి, గడియారం తేడా. మనం కాలిఫోర్నియా కన్నా చలికాలంలో 13న్నర, వేసవిలో 12న్నర గంటలు ముందుంటాం. టికెట్ మీద ఉండేది ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. "శనివారం రాత్రి ఎక్కాడు" అంటే మనకి అప్పటికే ఆదివారం పగలు.

కాబట్టి ఎవరైనా "ఎన్ని గంటలు?" అని అడిగితే గూగుల్‌లో ఫ్లైట్ టైమ్ చూసి చెప్పేయకండి. ముందు టికెట్ దొరికిందా, ఎన్నింటికి ఎక్కుతున్నాడు, ఎక్కడ మారుతున్నాడు అని వచ్చేవాళ్లనే అడగండి. ఇంటి గుమ్మం దాకా కూడండి, ఆ తర్వాతే పెద్దవాళ్లకి చెప్పండి. నాయనమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ 16 అన్నది నేనే.

మీ ఇంట్లోనూ ఎవరైనా దూరదేశంలో ఉంటే ఈ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం.