తిరుగు ప్రయాణానికి తగిన టైరు

ఇటీవల మా సహోద్యోగి కుమారుడు నాలుగు చక్రాలకూ చోదకశక్తి అందే వాహనమొకటి కొని, మా ఇంటికి తీసుకువచ్చి చూపించాడు. "అంకుల్, దీనికి వెడల్పాటి బటన్ టైర్లు, అల్లాయ్ చక్రాలు వేయిద్దామనుకుంటున్నాను. ఏవి బాగుంటాయి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. కారణం, 2009 ఆగస్టులో పాడేరు కొండలలో గడిచిన ఒక సాయంత్రం మాకు గుర్తుకు రావడమే.

విద్యుత్ ప్రసార మార్గాల పనిలో ఉన్నవారికి కొండదారుల జీపు కొత్త కాదు. టవర్లు రహదారుల వెంట నిలబడవు. వాగులు, గుట్టలు, పొలంగట్లు దాటి వాటి వద్దకు మనమే వెళ్లాలి. ఆ రోజు మా శిబిరంలో పనిచేసే కూలీ ఒకరికి తీవ్రమైన చలిజ్వరం వచ్చింది. అది మలేరియా ప్రబలే కాలం. ఆయనను వెనుక సీటులో పడుకోబెట్టి, అద్దె జీపులో పాడేరు ఆసుపత్రికి బయలుదేరాము. ఆ జీపుకు ఎంతో అందమైన వెడల్పు టైర్లు, మెరిసే అల్లాయ్ చక్రాలు ఉండేవి. నాలుగు కిలోమీటర్లు కూడా వెళ్లకముందే ఒక మొనదేలిన రాయి వెనుక టైరు పక్కభాగాన్ని చీల్చివేసింది.

మా డ్రైవరు గారు దిగి చూసి, "సార్, స్టెప్నీ ఉంది గానీ అది ఎక్కదండి" అన్నారు. స్టెప్నీ పాత ఇనుప డిస్కుది. అల్లాయ్ చక్రాల కోసం వేసిన నట్లు దానికి సరిగా కూర్చోవు. దాని అసలు నట్లు యజమాని ఇంటివద్దే ఉండిపోయాయి. వానలో రెండున్నర గంటలు నిలిచిపోయాము. చివరకు సంత నుండి తిరిగివస్తున్న ఒక సరుకుల జీపు రోగిని ఎక్కించుకుంది. ఆయన కోలుకున్నారు. అయితే ఆ వాహనాన్ని తనిఖీ చేసి తీసుకున్నది మేమే. టైర్ల అందం చూశాము, స్టెప్నీని చూడలేదు. ఆ తప్పు మాదే.

అప్పటినుండి టైరు విషయంలో మేము మొదట వేసుకొనే ప్రశ్న ఒక్కటే: దీనితో ఎంతదూరం వెళ్లగలము అన్నది కాదు, వెళ్లినచోటు నుండి తిరిగి రాగలమా అన్నది.

అంకెల భాష

టైరు పక్కన 215/75 ఆర్ 15 అని ఉన్నదనుకుందాము. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 75 శాతం, ఆర్ అంటే రేడియల్, డిస్కు వ్యాసం 15 అంగుళాలు. దీని మొత్తం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. దీనికి బదులు 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం సుమారు 733 అవుతుంది. వ్యాసం 30 మిల్లీమీటర్లు పెరిగినా, వాహనం అడుగుభాగం నేల నుండి లేచేది అందులో సగమే, అంటే 15 మిల్లీమీటర్లు. మరోవైపు చక్రం చుట్టుకొలత 4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపుతుంటే వాహనం 62 దాటి పోతుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. బ్రేకులపై భారం పెరుగుతుంది.

ఆ తరువాత ఉండే సంఖ్య భారసూచిక. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 105 అంటే 925 కిలోలు మోయగలదని అర్థం. సామాను, మనుషులు ఎక్కినప్పుడు వెనుక చక్రాలపై పడే బరువును లెక్కించి దీనిని ఎంచుకోవాలి. నిర్మాత చెప్పినదానికంటే తక్కువ సూచిక గల టైరు ఎంత చవకైనా వద్దు.

ఏ నేలకు ఏ టైరు

రహదారి టైరులో గాళ్లు సన్నగా ఉంటాయి. నల్లరేగడి ఒక్క చుట్టులో వాటిని నింపివేస్తుంది. ఆపై గుండు టైరుకూ దానికీ తేడా ఉండదు. బురద కోసం చేసిన బటన్ టైరు తిరిగేటప్పుడు మట్టిని విదిలించుకుంటుంది. కాని తడిసిన తారురోడ్డుపై నేలను తాకే రబ్బరు తక్కువ కనుక, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది, చప్పుడూ ఎక్కువ. వారమంతా తారురోడ్డుపై తిరిగి, సెలవు రోజున అడవిదారి పట్టేవారికి ఈ రెండింటి నడుమ ఉండే ఎ.టి. రకమే మేలు.

వెడల్పు అన్నివేళలా మంచిది కాదు. ఇసుకలో వెడల్పు టైరు తేలుతుంది. పైన పలుచని బురద, కింద గట్టినేల ఉన్నచోట సన్నని టైరే బురదను కోసుకుని నేలను అందుకుంటుంది. పాత జీపుల 6.00-16 టైర్లు సన్నగా ఉండి కూడా మన పొలందారులలో పనిచేయడానికి ఇది ఒక కారణం.

ఇసుకలో గాలి తగ్గించడం ఖర్చులేని ఉపాయం. ఒక చక్రంపై 500 కిలోల బరువు ఉంటే, 30 పౌండ్ల గాలి వద్ద టైరు నేలను సుమారు 240 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతుంది. 20 పౌండ్లకు దించితే అది 360 దగ్గరకు చేరుతుంది. మరీ 15 కంటే దించితే మలుపులో టైరు డిస్కు నుండి ఊడిపోవచ్చు. తారురోడ్డు చేరగానే తిరిగి గాలి నింపాలి. లేనిచో టైరు వేడెక్కి పగిలే ప్రమాదం కలదు. కనుక చిన్న గాలిపంపు, గాలి కొలిచే గేజి వాహనంలో ఉండవలసిందే.

చక్రం సంగతి

అల్లాయ్ చక్రం చూపుకు బాగుంటుంది. అయితే రాతి దెబ్బకు అది పగలవచ్చు. ఇనుప డిస్కు వంగుతుంది. వంగిన అంచును సుత్తితో సరిచేసుకుని ఊరు చేరవచ్చు. చక్రం బయటికి పొడుచుకు వచ్చేలా బిగిస్తే బేరింగులపై భారం పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. నిర్మాత నిర్దేశానికి భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆంక్షలున్నాయి. అందుచేత కొలతలు మార్చే ముందు విచారించుకోవడం వివేకం.

అన్నిటికంటే ముఖ్యం స్టెప్నీ. ఐదు చక్రాలూ ఒకే కొలతవి, ఒకే రకానివి కావాలి. ముందు వెనుక చక్రాల వ్యాసాలు వేరైతే, ఫోర్ వీల్ వేసినప్పుడు గేరుపెట్టెపై ఒత్తిడి పడుతుంది. టైరు పక్కన నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారం. బటన్లు అరగకపోయినా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడుతుంది. వాడకుండా ఉంచిన స్టెప్నీకీ ఇది వర్తిస్తుంది.

ఆ అబ్బాయికి ఇవన్నీ చెప్పి, ఒక పని అప్పగించాము. "కొనే ముందు ఇంటి ముందే జాకీ పెట్టి, వీల్ పానాతో ఒక చక్రం నువ్వే విప్పి, స్టెప్నీ బిగించి చూడు బాబూ" అన్నాము. మరుసటి ఆదివారం చేతులకు మడ్డి అంటించుకుని వచ్చి, ఒక నట్టు ఎంతకూ కదలలేదని చెప్పాడు. ఆ సంగతి వాళ్ల వాకిట్లోనే తెలిసినందుకు మాకు సంతోషం కలిగింది.

శిబిరాలకు వాహనాలు తీసుకునే మిత్రులకు మా మనవి కూడా ఇదే. తనిఖీ కాగితంపై సంతకం చేసే ముందు స్టెప్నీని దింపించి, ఒకసారి బిగించి చూడండి. పావుగంట పని. వెనుక సీటులో ఏదో ఒక రోజు ఎవరిని పడుకోబెట్టవలసి వస్తుందో మనకు తెలియదు.