డ్రోనుకూ ఒక టీసీ

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో ఏయే పనులు మొదలవుతాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గ్యాసు కనెక్షను మార్చాలి, స్కూటరుకు ఎన్‌ఓసీ తీసుకోవాలి, పిల్లలకు బడి నుంచి టీసీ రావాలి. లారీలో నలిగిపోయే వస్తువుల్ని అయినకాడికి అమ్మేయాలి. ఈ అమ్మకాల జాబితాలో ఈమధ్య డ్రోను కూడా చేరింది. ఊరు విడిచి వెళ్లేవారు అమ్ముతారు, ఊరికి కొత్తగా వచ్చినవారు కొంటారు. డబ్బు చేతులు మారుతుంది, డ్రోనూ చేతులు మారుతుంది. మరి పేరు మారిందా? చాలామంది మరిచిపోయే ప్రశ్న ఇదే.

ఇంగ్లీషులో ‘డ్రోన్’ అంటే మగ తేనెటీగ. మనిషి లోపల కూర్చోకుండా నడిచే చిన్న విమానానికి ఆ పేరే స్థిరపడింది. వికారాబాదులో 2021లో మందులు చేరవేసి చూసింది డ్రోనులతోనే. స్వామిత్వ పథకం కింద పల్లెల్లో ఇళ్ల స్థలాలు కొలుస్తున్నదీ వీటితోనే. మన చేతిలో అది ఆటవస్తువులా కనిపించినా చట్టం దృష్టిలో విమానమే. అందుకే దానికీ ఒక చట్టం, ఒక నంబరు, ఒక యజమాని ఉండాలి.

బరువును బట్టి తరగతి

మన దేశంలో ఇప్పుడు నడుస్తున్నవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు. వీటి ప్రకారం డ్రోనులు ఐదు తరగతులు:

నానో – 250 గ్రాముల వరకు
మైక్రో – 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు
స్మాల్ – 2 కిలోలు దాటి 25 కిలోల వరకు
మీడియం – 25 కిలోలు దాటి 150 కిలోల వరకు
లార్జ్ – 150 కిలోలు దాటినవి

ఇక్కడ బరువు అంటే ఒట్టి డ్రోను బరువు కాదు. బ్యాటరీ, కెమెరా వంటి వాటితో సహా పైకి లేచేటప్పుడు ఉండే మొత్తం బరువు. కొనేటప్పుడు తూకం వేసి చూసుకోవడానికి వంటింటి కాటా చాలు.

నంబరు వెనుక మూడు నంబర్లు

నమోదు చేసిన ప్రతి డ్రోనుకు ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఇస్తారు. దాన్ని యూఐఎన్ అంటారు. దీనికోసం నిబంధనలు పేర్కొన్న ఆన్‌లైన్ వేదిక పేరు డిజిటల్ స్కై. ఫారం డీ-2, రుసుము 100 రూపాయలు.

ఈ యూఐఎన్ ఒక్క డ్రోనుకే కాక మూడు వస్తువుల నంబర్లకు ముడిపడి ఉంటుంది. ఒకటి, తయారీదారు డ్రోనుకు ఇచ్చిన సీరియల్ నంబరు. రెండు, డ్రోనుకు మెదడులాంటి ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ నంబరు. మూడు, మన చేతిలో ఉండే రిమోట్ నంబరు. పాత డ్రోను కొనేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. అమ్మే వ్యక్తి ఎప్పుడో రిమోట్ పోగొట్టుకుని వేరేది తెచ్చి ఉండవచ్చు, కిందపడి పాడైన మాడ్యూల్‌ను మార్పించి ఉండవచ్చు. మార్చడం తప్పు కాదు. మార్చాక కొత్త నంబరును నమోదులో చేర్చకపోతేనే చిక్కు. కాగితం మీద ఉన్న డ్రోను ఒకటి, మన చేతిలో ఉన్నది మరొకటి అవుతుంది.

పేరు మార్పు ఎలా?

డ్రోనును అమ్మినా, అద్దెకు ఇచ్చినా, ఉచితంగా బహుమతిగా ఇచ్చినా నిబంధనల ప్రకారం అది బదిలీయే. మేనమామ పుట్టినరోజుకు తన పాత డ్రోను ఇచ్చాడనుకుందాం. అది కూడా బదిలీ కిందికే వస్తుంది. దీనికి ఫారం డీ-3 ఉంది. ఇచ్చేవారి వివరాలు, పుచ్చుకునేవారి వివరాలు, యూఐఎన్ అందులో నింపాలి. రుసుము ఇక్కడా 100 రూపాయలే.

మన కాలనీలాంటి చోట ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం. జోధ్‌పూర్‌లో ఉన్న ఒక కుటుంబం తేజ్‌పూర్ వెళుతూ డ్రోనును పక్క క్వార్టరువారికి అమ్మింది. ‘పేరు మార్పు తర్వాత చూద్దాంలే’ అనుకున్నారు. ఆరు నెలలకు ఆ డ్రోను దారితప్పి ఎగరకూడని చోట పడింది. దాని మీది నంబరు చూస్తే ఎవరి పేరు వస్తుంది? తేజ్‌పూర్‌లో ఉన్నవారి పేరే. ఎప్పుడో అమ్మేసిన వస్తువుకు వాళ్లు సంజాయిషీ చెప్పుకోవాలి. కొన్నవారి పరిస్థితీ మెరుగ్గా ఉండదు. డబ్బు ఇచ్చినా అది తమదేనని చూపడానికి నమోదు ఆధారం లేదు. పాత యజమాని మరో ఊరికి బదిలీ అయి ఫోను నంబరు మార్చేస్తే వివరాలు ఇచ్చేవారూ దొరకరు. అందుకే బదిలీ పని లారీ కదలకముందే పూర్తి కావాలి.

నానో మినహా మిగతా డ్రోనులకు ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా కూడా ఉండాలి. డ్రోను పేరు మారినప్పుడు బీమా సంగతి కూడా చూసుకోవాలి.

చవక బేరం వెనుక

కొన్ని డ్రోనులు మరీ చవకగా దొరుకుతాయి. ‘నంబరు లేదు, మీరే తీసుకోండి’ అంటారు. అక్కడ ఆగి ఆలోచించాలి. నమోదు కావాలంటే సాధారణంగా ఆ మోడలుకు టైప్ సర్టిఫికెట్ ఉండాలి. నానో డ్రోనులకు ఇది అవసరం లేదు. చదువుకో, పరిశోధనకో, సరదాకో మాత్రమే కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాలకూ అవసరం లేదు. మిగిలినవాటికి సర్టిఫికెట్ లేకపోతే యూఐఎన్ రావడం కష్టం.

పైగా 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోనుల దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉంది. ‘మా బంధువులు విదేశాల నుంచి తెచ్చారు’ అని ఎవరైనా అంటే ఎప్పుడు, ఏ కాగితాలతో తెచ్చారో అడగాలి. మరికొందరు ‘డీఏఎన్’ అనే నంబరు చూపిస్తారు. 2020 జనవరిలో తమ దగ్గరున్న డ్రోనుల వివరాలు స్వచ్ఛందంగా చెప్పినవారికి ఇచ్చిన రసీదు నంబరు అది. దాన్నే యూఐఎన్ అనుకోకూడదు.

కొనేముందు ఐదు పనులు

1. యూఐఎన్ అడగాలి. అది అమ్మే వ్యక్తి పేరునే ఉందో లేదో నమోదు పత్రంలో చూడాలి.
2. డ్రోను, మాడ్యూల్, రిమోట్ నంబర్లు మూడూ పత్రంతో సరిపోల్చాలి.
3. మొదట కొన్నప్పటి బిల్లు తీసుకోవాలి.
4. పేరు మార్పు దరఖాస్తు ఇద్దరూ కలిసి కూర్చుని నింపాలి. అది పూర్తయ్యాకే మిగతా డబ్బు ఇవ్వడం మేలు.
5. ఈ పనులన్నీ అమ్మానాన్నల చేత, వారి పేరునే చేయించుకోవాలి.

పేరు మారింది, ఎగరేయవచ్చా?

నమోదు వేరు, ఎగరేసే అనుమతి వేరు. ఆకాశాన్ని పటం మీద మూడు రంగులుగా విభజించారు. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. పసుపు ప్రాంతంలో విమాన రాకపోకలను నియంత్రించేవారి అనుమతి కావాలి. ఎరుపు ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. విమానాశ్రయం గోడ నుంచి 5 కిలోమీటర్ల లోపు, సైనిక స్థావరాల దగ్గర మామూలుగా ఎరుపే. మనలో చాలామంది ఉండేది అలాంటి కాలనీల్లోనే కాబట్టి పాత ఊరిలో మేడమీద నుంచి ఎగరేసిన డ్రోనునే కొత్త ఊరిలో పెట్టెలోంచి తీయలేకపోవచ్చు. ఊరు మారిన ప్రతిసారీ పటం మళ్లీ చూడాలి. నిబంధనలు ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

నానో డ్రోనుకు, వ్యాపారానికి వాడని మైక్రో డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. మిగతావాటికి కావాలి. దానికి కనీస వయసు 18 ఏళ్లు, పదో తరగతి పాసై ఉండాలి.

చివరిగా ఒక మాట. డ్రోను శాశ్వతంగా పోయినా, బాగుచేయలేనంతగా పాడైనా నమోదు రద్దు చేయించాలి. దానికీ డీ-3 ఫారమే. మన ఇళ్లలో టీసీలు, మార్కుల జాబితాలు దాచే ఫైలు ఒకటి ఉంటుంది కదా, డ్రోను కాగితాలనూ అందులోనే పెట్టుకుందాం. ఏ ఊరు వెళ్లినా ముందుగా చేతికి దొరికేది ఆ ఫైలే.