కృష్ణ ఒడ్డున ఫొటో కూర్పు: బీచుపల్లి నేర్పే మెలకువలు

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణా నదిని దాటే చోట, జోగుళాంబ గద్వాల జిల్లా వైపు ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి ఆలయం ఉంది. నది, వంతెన, స్నానఘట్టం, బండలు, భక్తులు అన్నీ ఒక్కచోటే కంటబడటంతో కొత్తగా కెమెరా పట్టినవారు అన్నిటినీ ఒకే ఫొటోలో ఇరికించాలని చూస్తారు. అందులో అన్నీ ఉంటాయి గాని, చూసేవారి కన్ను నిలిచే చోటు మాత్రం ఉండదు. ఫొటోలోకి ఏది రావాలో, ఏది రాకూడదో, వచ్చినది ఏ మూలన నిలవాలో ముందే తేల్చుకోవడాన్నే కూర్పు అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో బరువైన కెమెరాతో గాజు పలకల మీద బొమ్మ తీయవలసి వచ్చేది కనుక ఆ నిర్ణయం తప్పనిసరిగా ముందే జరిగేది; ఫోను వచ్చాక ఆ నిర్బంధం పోయిందే తప్ప అవసరం పోలేదు.

కూర్పులో మొదట చెప్పేది మూడో వంతు సూత్రం. ఈ పేరును ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లో వాడాడు; నేడు ఈ పద్ధతిలో చిత్రాన్ని నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలతో తొమ్మిది గళ్లుగా ఊహించుకుని, ముఖ్యమైన వస్తువును ఆ గీతలు కలిసే చోట ఉంచుతారు. ఫోను కెమెరాలో గ్రిడ్ పెట్టుకుంటే ఈ గీతలు తెర మీదే కనిపిస్తాయి, ఆవలి ఒడ్డు ఒరిగిపోకుండానూ కాపాడతాయి. నదిలో జాలరి పుట్టి ఎడమ నుంచి కుడికి సాగుతుంటే దాన్ని ఎడమ గీత మీద ఉంచి, అది వెళ్లబోయే వైపు నీటిని ఖాళీగా వదలాలి. ఆ ఖాళీయే చిత్రానికి కదలికనిస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది, సాధారణంగా ఎవరూ పట్టించుకోనిది, నిలబడే ఎత్తు. ఘట్టం పై మెట్టు నుంచి తీస్తే పుట్టి చుట్టూ నీరే ఉండి దాని గుండ్రటి ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. నీటి అంచున కూర్చుని తీస్తే పుట్టిలోని మనిషి ఆవలి వనపర్తి ఒడ్డు చెట్లలో కలిసిపోతాడు. జూమ్ చేయడం వల్ల ఈ చిక్కు తీరదు, మెట్లెక్కితేనే తీరుతుంది.

వంతెనను ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే, దూరమయ్యే కొద్దీ చిన్నవవుతూ పోయే స్తంభాల వరుస కంటిని అవతలి దరికి తీసుకెళ్తుంది. ఇలాంటివాటిని దారి చూపే గీతలంటారు. వాహనాలు వేగంగా పోయే వంతెన పైకెక్కి ఫొటోలు తీయడం ప్రమాదకరం, అనవసరం కూడా. స్నానం చేసేవారిని, ముఖ్యంగా స్త్రీలను, అడగకుండా తీయడం ఎంత చక్కని కూర్పుకైనా తగని పని.

వేసవిలో నీరు తగ్గి బండలు బయటపడినప్పుడు, దగ్గరి బండ ఒకటి చిత్రం అడుగున చేరితే చిత్రానికి లోతు వస్తుంది, నది వెడల్పూ తెలుస్తుంది. ఎగువన జూరాల ఆనకట్ట గేట్లు ఎత్తి వరద వచ్చినప్పుడు ఆ బండలు మునిగిపోతాయి కనుక, తడి రాళ్ల జోలికి పోకుండా పై మెట్ల మీదే ఉండి, ఆలయానికి వచ్చే మనిషినో, చెట్టు కొమ్మనో ముందుభాగంగా ఎంచుకోవాలి.