స్నానాల గదిలో టబ్బు మేలా? షవరు మేలా?

ఉప్పల్‌లో సొంత ఇల్లు కట్టుకుంటున్న ఒక గృహస్థు తన తల్లిగారి నడుము నొప్పికి ఔషధం కోసం వచ్చి, వెళ్ళబోతూ ఒక ప్రశ్న వేశారు. "డాక్టరుగారూ! వేడినీళ్ళలో కూర్చుంటే అమ్మ నడుముకు మంచిదంటున్నారు. కొత్త ఇంట్లో బాత్‌టబ్బు పెట్టించమంటారా, షవరు చాలునంటారా?" ఆ తల్లిగారికి డెబ్బది ఏండ్లు దాటాయి. మోకాళ్ళు పట్టుకొనిగాని మంచం దిగలేరు. నాచారం, హబ్సిగూడల నుండి వచ్చేవారిలోనూ పలువురికి ఇదే సందేహం ఉన్నందున సమాధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

శాస్త్రదృష్టి

ఈ రెండు పద్ధతులూ ఆయుర్వేదానికి క్రొత్తవి కావు. కషాయంలోగాని, తైలంలోగాని శరీరాన్ని ముంచి ఉంచడం అవగాహం. ధారగా పోయడం పరిషేకం. చరకసంహితలోని పదమూడు స్వేదకర్మలలో ఇవి రెండూ ఉన్నాయి. అనగా ఇవి వైద్యుడు రోగిని, రోగాన్ని, కాలాన్ని చూచి కొన్నాళ్ళపాటు చేయించే చికిత్సలు. నిత్యస్నానం వేరు. అది దినచర్యలోని భాగం. దానివలన జఠరాగ్ని వృద్ధి చెందుతుందనీ, అలసట, చెమట, దురద, బద్ధకం తొలగుతాయనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో వివరించాడు. చికిత్సకు ఉపయోగించేదాన్ని నిత్యకృత్యంగా చేసుకోబోవడంలోనే చిక్కంతా ఉన్నది.

టబ్బుతో ఇబ్బందులు

గోరువెచ్చని నీటిలో మునిగి ఉండడం వాతప్రధానమైన నొప్పులకు హితమే. అయితే గర్భిణులు, మధుమేహులు, రక్తస్రావ లక్షణాలున్నవారు స్వేదకర్మలకు అర్హులు కారని శాస్త్రం. హృద్రోగులు, రక్తపోటు మందులు వాడేవారు కూడా జాగ్రత్తపడాలి. వేడినీటిలో రక్తనాళాలు వ్యాకోచించి, లేచి నిలబడగానే రక్తపోటు తగ్గి కళ్ళు తిరుగవచ్చు. మధుమేహం వలన పాదాల స్పర్శ తగ్గినవారికి నీరు కాలుతున్న సంగతే తెలియదు.

మన ఇళ్ళలో అభ్యంగనమంటే నువ్వులనూనె, సున్నిపిండి తప్పవు. ఇవి టబ్బు అడుగున చేరితే జారుడు విపరీతమవుతుంది. మూరెడు ఎత్తున్న అంచును దాటి తడికాలు లోపల మోపవలసిన వృద్ధురాలికి తుంటి ఎముక విరగడానికి ఒక్క జారుపాటు చాలు.

నీటి లెక్క కూడా చూడాలి. టబ్బులో ఒకసారి స్నానానికి సుమారు 150 నుండి 200 లీటర్లు పడుతుంది. నలుగురున్న ఇంట రోజుకు మనిషికి 150 చొప్పున వాడినా నెలకు 18,000 లీటర్లు! జంటనగరాల జలమండలి పరిధిలో 2021 జనవరిలో ప్రారంభమైన ఉచిత నీటి పథకంలో ఒక ఇంటికి నెలకు నిర్ణయించిన పరిమాణమే 20,000 లీటర్లు. ఇక వంటకు, బట్టలకు ఏమి మిగులుతుంది? అదే నలుగురికి బకెట్టు స్నానమైతే నెలకు 2,400 లీటర్లు, నిమిషానికి 8 లీటర్లు వచ్చే షవరు క్రింద ఐదు నిమిషాలైతే 4,800 లీటర్లు సరిపోతాయి. 200 లీటర్లను 15 డిగ్రీలు వేడిచేయడానికి సుమారు మూడున్నర యూనిట్ల విద్యుత్తు కావాలి. పై అంతస్తులో అంత నీటి బరువును మోపదలచినవారు ముందుగా ఇంజనీరును సంప్రదించాలి.

షవరుతో దోషాలు

షవరు నిర్దోషమని కాదు. మెడ క్రింది భాగానికి వేడినీరు బలాన్నిస్తుందనీ, తలకు పోస్తే కేశాలకు, నేత్రాలకు హాని అనీ వాగ్భటుని హెచ్చరిక. తలపైన బిగించిన షవరు క్రింద నిత్యం వేడినీటితో నిలబడేవారు ఈ నియమాన్ని తెలియకుండానే అతిక్రమిస్తున్నారు. కనుక చేతితో పట్టుకొనే షవరు ఉత్తమం.

మన నగరం నల్లరాతి నేల మీద ఉన్నది. బోరు నీటిలో లవణాలు ఎక్కువైతే సబ్బు నురగ రాదు, చర్మం పొడిబారుతుంది, షవరు రంధ్రాలు పూడుకుంటాయి. షవరు మూతిని విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో రాత్రంతా ఉంచి కడిగితే తెరుచుకుంటాయి. పారిశ్రామికవాడల సమీపంలో నివసించేవారు బోరు నీటిని పరీక్ష చేయించిన పిమ్మటనే వాడడం మంచిది. ఏ పద్ధతియైనా గ్యాస్ గీజరును తలుపులు మూసిన స్నానాల గదిలో ఉంచరాదు. వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తుంది.

నడుముకు వావిలాకు ధార

టబ్బు లేకున్నా వృద్ధులకు దాని ఫలితాన్ని అందించే మార్గం ఉన్నది. రెండు గుప్పిళ్ళ వావిలాకును ఐదు లీటర్ల నీటిలో పావుగంట మరిగించి వడగట్టాలి. రోగిని స్టూలుపై కూర్చుండబెట్టి, నడుముకు నువ్వులనూనె రాయాలి. నీరు ఓర్చుకోదగిన వేడికి చల్లారిన తరువాత ముంజేతిపై పోసి పరీక్షించి, చెంబుతో జానెడు ఎత్తు నుండి సన్నని ధారగా పది నిమిషాలు నడుముపై పోయాలి. తడి తుడిచి, గాలి తగలకుండా దుప్పటి కప్పాలి. జ్వరం, అజీర్ణం, విరేచనాలు ఉన్నప్పుడుగాని, భోజనమైన వెంటనేగాని చేయరాదు. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, మూత్రంపై అదుపు తప్పడం ఉంటే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి.

ఆ గృహస్థుకు ఇదే చెప్పాను. టబ్బుకు అనుకున్న సొమ్ములో కొంత భాగంతో గరుకు పలకలు, చేతి షవరు, ఒక బకెట్టు, కదలని స్టూలు, గోడకు రెండు పిడులు అమర్చుకొమ్మన్నాను. పిడులు బిగించే ముందు తల్లిగారిని అక్కడ కూర్చుండబెట్టి, ఆమె చేయి అందే ఎత్తును సుద్దతో గుర్తు పెట్టుకొమ్మని మరీ మరీ చెప్పి పంపాను.