చేప కనిపించదు.. చోటు తెలుస్తుంది!
ఉపగ్రహ చిత్రాలతో వేట స్థలాల అన్వేషణ

పాతబస్తీ: మీరాలం చెరువు కట్టపై నిలబడితే నీరు, గుర్రపుడెక్క తప్ప వేరేమీ కానరావు. అదే చెరువును ఉపగ్రహ చిత్రంలో చూస్తే 1806లో పూర్తయిన కట్టలోని 21 కమానులు అర్ధచంద్రాల వరుసలా గోచరిస్తాయి. నాలాలు కలిసే చోట్లు, మేట వేసిన అంచులు, డెక్క పరచుకున్న మేర సైతం తెలుస్తాయి. గాలం పట్టుకుని కయాక్ అనే సన్నని తెడ్డుపడవలో వేటకు వెళ్లేవారు విదేశాల్లో ఇటువంటి చిత్రాలు చూసే చోటు ఎంచుకుంటున్నారు.

ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ సముద్రమే లేని ఈ నగరంలోని ప్రగతినగర్ నుంచి కోస్తా మత్స్యకారులకు చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను సూచిస్తోంది. ఉపగ్రహానికి చేప కనిపించదు. అది కొలిచేది సముద్రపు పైనీటి వేడిమిని, అందులోని పత్రహరితాన్ని. చల్లని, వెచ్చని నీళ్లు కలిసే హద్దుల్లో పోషకాలు చేరి నాచువంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటికోసం చిన్న చేపలు, చిన్న చేపలకోసం పెద్దవి వస్తాయి. తీరం నుంచి దూరం, దిశ, లోతు ముందే తెలియడంతో మరపడవలకు వెదుకులాట తగ్గి డీజిల్ ఆదా అవుతుంది.

పచ్చదనాన్ని నమ్మరాదు

సముద్రపు లెక్క చెరువుకు వర్తించదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకమునుపు నగరానికి తాగునీరందించిన మీరాలంలో నేడు కలుస్తున్నది మురుగు. చిత్రంలో కనిపించే పచ్చదనం ఆ మురుగుతో బలిసిన డెక్క, నాచులదే. అవి కుళ్లినచోట నీటిలో ప్రాణవాయువు తగ్గి బొచ్చె, రవ్వ వంటివి నిలువలేవు. పైకివచ్చి గాలి పీల్చగల కొరమీను మాత్రం తట్టుకుంటుంది. కనుక కొరమీనుకు డెక్క, తేటనీరు కలిసే అంచునే వెదకాలి. పరారుణ కిరణాలను కలిపి రంగులు మార్చిన చిత్రంలో ఈ అంచు స్పష్టం. డెక్క ఎర్రగా, నీరు నల్లగా కనిపిస్తాయి.

అన్నింటికన్నా ఉపయోగపడేది ఒకే చెరువుకు చెందిన రెండు కాలాల చిత్రాలు. మే నెలలో నీరు తగ్గినప్పుడు పాత గుంతలు, కాలువ దారులు, మిట్టలు బయటపడతాయి. వాటిని గుర్తుపెట్టుకుంటే అక్టోబరులో నిండు చెరువు అడుగున ఏముందో ఊహించవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు లభిస్తాయి. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ కూడా ఉంది. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు దాదాపు ఐదు రోజులకొకసారి ఉచితంగా అందుతాయి. వానాకాలంలో మాత్రం మబ్బులే దర్శనమిస్తాయి.

సెంటినెల్ చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్ల నేలకు సమానం. మీటరు వెడల్పైనా లేని కయాక్ దూరే సందు అందులో కనపడదు. పైగా గాలి వీచిన దిక్కుకు డెక్క కదిలిపోతుంది. నాలుగు రోజుల క్రితం తేటగా ఉన్నచోట నేడు పడవ చిక్కుకోవచ్చు. డెక్క వేళ్ల మధ్య తెడ్డు ఆడదు, ఈత సాగదు. ఇంట్లో చూసిన చిత్రాన్ని కట్టమీద నిలిచి మరోసారి సరిపోల్చుకుని, లైఫ్ జాకెట్ ధరించాకే పడవ దించాలి.

నీటిలోని విషపదార్థాలు చేపలో చేరిందీ లేనిదీ ఏ చిత్రమూ చెప్పదు. చెరువుల్లో చేపలు పట్టే హక్కును మత్స్య సహకార సంఘాలకు లీజుకివ్వడం రాష్ట్రంలో ఉన్న పద్ధతి. గాలం వేసేవారు ముందుగా అనుమతి సంగతి తెలుసుకోవాలి.