ప్రోటాన్ చిక్కిపోయిందా!

ఈ వాక్యం చదివేలోపే పదుల సంఖ్యలో మ్యూయాన్లు మీ ఒంట్లోంచి దూసుకుపోయి ఉంటాయి. విశ్వకిరణాలు భూ వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలివి. ప్రయోగశాలల్లోనూ వీటిని తయారుచేస్తారు. ఈ కణాలే ఒకసారి భౌతికశాస్త్రాన్ని పెద్ద చిక్కులో పడేశాయి.

మ్యూయాన్‌ని ఎలక్ట్రాన్‌కి అన్నయ్య అనుకోవచ్చు. 1936లో బయటపడింది. బరువు 207 రెట్లెక్కువ. ఆయుష్షు మాత్రం సెకనులో పది లక్షల భాగాలు చేస్తే రెండు భాగాలే! ఆ కాస్త సమయంలోనే అది పరమాణువులో ఎలక్ట్రాన్ స్థానంలోకి చేరుతుంది. మెట్టుమెట్టుగా కిందికి దిగుతూ ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. ఎలక్ట్రాన్ ఊరి పొలిమేరలో తిరిగితే, బరువైన మ్యూయాన్ గర్భగుడి గుమ్మం దాకా వెళ్తుందన్నమాట. అందుకే కేంద్రకం సైజు కాస్త మారినా ఆ కిరణాల శక్తి మారిపోతుంది. ఆ తేడాని బట్టి సైజు లెక్కగడతారు.

1953లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఫిచ్, రెయిన్‌వాటర్ ఇలాగే సీసం లాంటి మూలకాలను పరీక్షించారు. కేంద్రకాలు అప్పటిదాకా అనుకున్నదానికన్నా చిన్నవని తేలింది.

అసలు సంచలనం 2010లో. హైడ్రోజన్ కేంద్రకంలో ఉండేది ఒకే ఒక్క ప్రోటాన్. ఎలక్ట్రాన్లతో కొలిస్తే దాని వ్యాసార్ధం 0.877 ఫెమ్టోమీటర్లు. ఫెమ్టోమీటరంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాండాల్ఫ్ పోల్ బృందం మ్యూయాన్ ఉన్న హైడ్రోజన్‌పై లేజర్ ప్రయోగించి, వెలువడిన ఎక్స్ కిరణాలను గమనించింది. వచ్చిన జవాబు 0.842!

నాలుగు శాతమే కదా అంటారా? రెండూ నిజమైతే, ఎలక్ట్రాన్‌తో ఒకలా, మ్యూయాన్‌తో మరోలా ప్రోటాన్ ప్రవర్తిస్తున్నట్టే. అంటే పాఠ్యపుస్తకాలు తిరగరాయాలి. మనకు తెలియని కొత్త బలమేదో ఉందా? ఈ ఆశతో ఎన్నో పరిశోధన పత్రాలు వెలువడ్డాయి.

చివరికి 2019లో కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని జెఫర్‌సన్ ల్యాబ్ వేర్వేరు పద్ధతుల్లో ఎలక్ట్రాన్లతోనే మళ్లీ కొలిచాయి. వచ్చిన విలువలు 0.833, 0.831. రెండూ మ్యూయాన్ వైపే మొగ్గాయి. అంతర్జాతీయ ప్రామాణిక పట్టికల్లోనూ ఇప్పుడు 0.84 అనే ఉంటుంది. కొత్త బలం దొరకలేదు కానీ, నమ్మకమైన కొలబద్ద దొరికింది. 2021లో హీలియం కేంద్రకాన్నీ దాంతోనే కొలిచారు.